ఆటలో రక్కసులకి మన పేర్లెందుకు?

ఈ గోడపత్రికలో నా అభిప్రాయం ఒకటి రాస్తున్నాను. ముందుగా నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

ఆదివారం సాయంత్రం వరండాలో మేం ఆడే రాజ్యాల ఆట మీ అందరికీ తెలుసు. ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్లు రాణి, మంత్రగత్తె, సేనాని, దొంగ ఇలా వేషాలు తీసుకుంటారు. గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం. ఆ రోజు కథ చెప్పే వంతు నాది. రాణి పేరు స్ఫటికవల్లి అన్నాను. దేశం పేరు మేఘగిరి అన్నాను. అన్నీ నా సొంత కల్పనే. మనుషుల్ని పీక్కుతినే రక్కసుల దగ్గరికి వచ్చేసరికి పేరు తోచలేదు. నోటికొచ్చినట్టు "గదబ రక్కసులు" అనేశాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాలూరు వైపు నుంచి వచ్చిన ఆరో తరగతి చెల్లి ఒకతె గవ్వలు కింద పెట్టేసి లేచిపోయింది. రాత్రి అన్నాల దగ్గర పక్కన కూర్చుని ఏమైందని అడిగాను. "మా యమ్మకి కోరలు నేవు గదప్పా!" అంది. అంతే. నాకు ముద్ద దిగలేదు. మూడు వారాలయ్యింది, ఆ చెల్లి మళ్లీ ఆటకి రాలేదు.

నేను సవర పిల్లని. సినిమాల్లో కోయదొర వేషం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోయవాళ్లు గోదావరి వైపు నిజంగా ఉన్న జనం. వాళ్లకి సొంత భాష ఉంది. సినిమాలో మాత్రం ఈకలు, పూసలు, అర్థం లేని కూతలు. అలా కోపం తెచ్చుకునే నేనే ఇంకో తెగకి అదే పని చేశాను. పైగా గదబవారిలో కొందరు మాట్లాడే గుతోబ్ భాష, మా సవర భాష ఒకే ముండా కుటుంబంలోవట. రక్కసుల్ని చేసింది మా చుట్టాలనే!

"ఆటే కదా, అంత పట్టింపెందుకు?" అని కొందరన్నారు. నేను అడిగేది ఒకటే. రాణీ కల్పనే, దేశమూ కల్పనే అయినప్పుడు రక్కసుల పేరు ఒక్కటే నిజంది ఎందుకు? ఆ పేరు మీద నవ్వో భయమో జనంలో ముందే ఉంది. కష్టపడకుండా దాన్ని వాడేసుకున్నాను. గంట కొట్టాక స్ఫటికవల్లి ఉండదు. గదబ పిల్ల ఉంటుంది. మనలో చాలామందికి తెగ పేరే ఇంటిపేరు. రోజూ హాజరు పిలిచినప్పుడు అందరూ వింటారు.

2015లో వచ్చిన బాహుబలి సినిమాలో శత్రువులు కాలకేయులు. అది భారతంలో దానవుల పేరు. వాళ్ల కిలికి భాష కూడా కల్పించిందే. వాళ్లకి నల్లరంగు పూయడం నాకు నచ్చలేదు. కానీ ఆ పేరుతో మన హాస్టల్లో ఎవరూ లేరు, ఆ పేరు విని ఎవరూ తల దించుకోరు.

ప్రతి ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, సవరలతో మాట్లాడి మా భాష నేర్చుకున్నారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయ్యింది. అంత చదువుకున్నాయన మా గురించి రాసే ముందు మమ్మల్ని అడిగారు. నేను పక్క మంచం మీద చెల్లిని అడగలేదు.

"అయితే కథల్లో మన తెగల పేర్లే రాకూడదా?" అని ఒక అప్ప అడిగింది. రావాలి. గదబ రాణి రావాలి, జాతాపు సేనాని రావాలి, సవర వైద్యురాలు రావాలి. కానీ ఆ తెగ పిల్లని అడిగి, ఆమె సరే అన్నాక పెట్టాలి. భయపెట్టడానికీ నవ్వించడానికీ మాత్రం కొత్త పేర్లు కల్పించుకుందాం. నేను ఘుర్ఘురులు అని పెట్టాను. మీకు ఇంకా మంచిది తోస్తే చెప్పండి.

వార్డెన్ మేడంగార్లకి ఒక మనవి. ఈసారి వార్షికోత్సవంలో వేషాల పోటీ పెడితే కోయదొర వేషం వద్దని చెప్పండి.

చెల్లికి క్షమాపణ చెప్పాను. తల ఊపింది గానీ మాట్లాడలేదు. వచ్చే ఆదివారం కథ చెప్పే వంతు ఆ చెల్లికి ఇద్దాం. నాకు ఘుర్ఘురుల వేషం ఇచ్చినా సరే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని