రైల్వే బోర్డువారికి తెనాలి జంక్షను నుండి ఒక బహిరంగ లేఖ



నేను తెనాలి పట్టణమున తెలుగు ఉపాధ్యాయినిగా చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నదానను. మా వారు గణితోపాధ్యాయులు. మద్రాసు–విజయవాడ ప్రధానమార్గమును, గుంటూరు నుండి వచ్చు దారియు, రేపల్లెకు పోవు బ్రాంచి లైనును మా ఊరి జంక్షనులో కలియును గావున, ఒక బండి దిగి, మూటలు చేతబట్టుకొని, రెండవ బండి ఏ ప్లాటుఫారముపై నున్నదో వెదకికొను మనుష్యుని ముఖము మాకు బాల్యము నుండి పరిచితము. ఉద్యోగభారము దిగిన పిమ్మట, 2023 సెప్టెంబరులో, మేమిరువురమును ఆల్ప్స్ పర్వతముల నానుకొని యున్న నగరములను రైలుబండ్లలో చూడబోయి, అడుగడుగున ఏదో యొక అవాంతరమునకు లోనైతిమి. అట్టి యాత్ర చేసివచ్చినవారు సాధారణముగా హిమశిఖరములను, సరోవరములను వర్ణింతురు. అవి చూడదగినవే, కాని ఆ శిఖరములకన్న మా అవాంతరములే నాకొక విషయమును స్పష్టముగా బోధించినవి. దానిని మీ సముఖమున నివేదించి, మా జంక్షను పక్షమున ఒక విన్నపము చేయుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను.

మొదటి అవాంతరము ఆస్ట్రియాలో సంభవించెను. సాల్జ్‌బర్గు నుండి ఇన్స్‌బ్రుక్‌నకు పోవు వేగపు బండి కొంతదూరము జర్మనీ దేశమున పయనించి, కుఫ్‌స్టయిన్ వద్ద తిరిగి ఆస్ట్రియాలో ప్రవేశించి, ఇన్ నది లోయ వెంట సాగును. ఆనాటి సాయంకాలము పెనుగాలితో కూడిన వర్షము కురిసి, ముందున్న మార్గముపై వృక్షమొకటి కూలుటచేత, మా బండి వోర్గ్ల్ అను జంక్షనులో నిలిచిపోయెను. చీకటి పడుచుండెను, అచటి భాష మాకు రాదు, ఇన్స్‌బ్రుక్‌లో మేము దిగవలసిన బసవారు రాత్రి తొమ్మిది దాటినచో తలుపు తీయబోమని ముందుగానే తెలిపియుండిరి. అయితే అరగంట గడవకమునుపే స్టేషను వెలుపల బస్సులు వచ్చి నిలిచెను. ఒక ఉద్యోగి ప్రతి పెట్టెలోనికిని వచ్చి, ఎవరెవరు ఎచటికి పోవలెనో అడిగి తెలిసికొని, వయసు మీరినవారిని ముందుగా ఎక్కించి, మా బసకు తానే టెలిఫోను చేసి ఆలస్యమునకు కారణము చెప్పెను. వృక్షము పడుట ఎవరి దోషమును గాదు. పడిన పిదప మేము ఎవరి బాధ్యతయో ఆ ఉద్యోగికి సందేహము లేకుండుటయే నన్ను ఆశ్చర్యపరచినది.

ఇన్స్‌బ్రుక్ నుండి జూరిచ్‌నకు పోవు దారి ఆర్ల్‌బర్గు కనుమ క్రింద, 1884లో తెరువబడిన పది కిలోమీటర్లకు మించిన సొరంగముగుండ పోవును. అది దాటిన తరువాత, ఒక స్టేషనున జనము దిగు సందడిలో, మా పెట్టెను తన పెట్టెయని భ్రమించి ఒక ప్రయాణికుడు తీసికొని దిగిపోయెను. మా వారి రక్తపోటు మందులు అందులోనే యుండెను. టికెట్లు తనిఖీ చేయు ఉద్యోగి వెనుకటి స్టేషనునకు వర్తమానము పంపగా, ఆ పెద్దమనిషియు తన పొరపాటు గ్రహించి పెట్టెను అచట అప్పగించెనట. మేము జూరిచ్‌లో వేచియుండగా తరువాతి బండిలో అది మా చేతికి చేరెను.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది స్పీట్స్ అను చిన్న స్టేషనులో జరిగినది. అది బెర్న్ నగరమునకు దక్షిణమున, తూన్ సరోవరపు టొడ్డున, కొండవాలుపై నున్నది. బెర్న్ నుండి వచ్చు బండి ఒకటి అచట రెండుగా విడిపోవును: ఒక భాగము సిమ్మె నది లోయలోనికి త్స్వైసిమ్మెన్ వైపునకును, రెండవ భాగము పాత లోచ్‌బర్గు కొండదారిని బ్రీగ్ వైపునకును పోవును. ఆ దినము ఆదివారము. తూన్ స్టేషనున కొండలెక్కబోవు జనము వీపులపై సంచులతో, చేతులలో కఱ్ఱలతో క్రిక్కిఱిసి యుండుటచే, మా వారు పెట్టెలతో వెనుక తలుపున ఎక్కిరి. నేను చోటు దొరకిన ముందు తలుపున ఎక్కితిని. ఆ రెండు తలుపులును వేఱువేఱు భాగములవి. నడుమ లోపలినుండి దారి లేదు. బండి విడిపోవునని చెప్పిన ప్రకటన జర్మను భాషలో వినవచ్చి మాకు వ్యర్థమైపోయినది. స్పీట్స్ దాటి, సరోవరము కనుమఱుగై, పచ్చికబయళ్ల నడుమ కొయ్యయిండ్లు గల లోయలోనికి నా బండి మళ్లినప్పటికి, మా వారు వేఱొక లోయలో వేఱొక బండిలో పోవుచుండిరి. టికెట్లు, డబ్బు, టెలిఫోను సర్వమును ఆయన వద్దనే యుండెను. ఏబదేండ్లకు పైబడిన వయసున, మాట తెలియని దేశమున, చేత ఒక్క కాగితమైనను లేక కూర్చున్న స్త్రీకి కలుగు భయము ఎట్టిదో నేను వర్ణింపనక్కఱలేదు.

టికెట్టు అడుగవచ్చిన ఉద్యోగిని నా ముఖము చూచి, టికెట్టు మాట విడిచి, నా ప్రక్కన కూర్చుండెను. నాకు వచ్చిన ఆంగ్లమును, ఆమెకు వచ్చిన ఆంగ్లమును కలిసి విషయము తెలియుటకు చాలినవి. ఆమె వెంటనే రెండవ భాగముననున్న తన తోటియుద్యోగికి టెలిఫోను చేసి, మా వారిని గుర్తుపట్టించి, ఆయన ఎచట దిగి వెనుకకు ఏ బండి ఎక్కవలెనో చెప్పించెను. పిదప ఒక చిన్న కాగితముపై నేను దిగవలసిన స్టేషను పేరు, తిరుగుబండి నిమిషము, నిలువవలసిన ప్లాటుఫారము వ్రాసి ఇచ్చి, మేమిరువురమును స్పీట్స్‌నకు కొద్ది నిమిషముల తేడాతో చేరుదుమని ధైర్యము చెప్పెను. అట్లే చేరితిమి. మా వారు మాటాడలేక, నా చేయి పట్టుకొని, ప్లాటుఫారముపై బల్లమీద నన్ను కూర్చుండబెట్టిరి. ఎవరును మాకు జరిమానా వేయలేదు. ఎవరును మమ్ము మందలింపలేదు.

అయ్యా, ఆమె దయామయి. అందు సందేహము లేదు. కాని ఆ కాగితముపై వ్రాసిన నిమిషములు దయవలన పుట్టినవి గావు. స్విట్జర్లాండువారు 1982లో దేశమంతటను ప్రతి గంటకును అదే నిమిషమున బండి బయలుదేరు కాలపట్టికను ప్రవేశపెట్టిరి. 1987 డిసెంబరు 6న ప్రజలయెదుట ఓటునకు పెట్టి, ‘రైలు 2000’ అను పెద్ద ప్రణాళికకు అనుమతి పొందిరి. 2004 డిసెంబరు 12న అది అమలునకు వచ్చినది. దాని సూత్రము సుబోధకము: పెద్ద జంక్షనులన్నింటికిని నలుదిక్కుల బండ్లును గంట కొట్టుటకు కొంచెము ముందు వచ్చి చేరవలెను, గంట కొట్టిన కొంచెము తరువాత బయలుదేరవలెను, ఆ నడుమ నిమిషములలో జనము ఒక బండి నుండి మఱియొక బండికి మారవలెను. జూరిచ్‌నకును బెర్న్‌నకును నడుమ క్రొత్త దారి వేసి, ప్రయాణకాలమును గంట లోపలికి తెచ్చిన హేతువు ఇదియే: గంటకు మించినచో బెర్న్‌లో కనెక్షను తప్పును, లోబడినచో దొరకును. మన దేశమున వేగము స్వయముగా ఘనతయై కొనియాడబడుచున్నది. అచట వేగము కనెక్షనునకు సేవకురాలు. ఈ తేడా నాకు మిక్కిలి గొప్పదిగా తోచినది. వారి స్టేషనులలో హాన్స్ హిల్‌ఫికర్ అను ఇంజనీరు 1944లో రూపొందించిన గడియారము కలదు. దాని ఎఱ్ఱని సెకండు ముల్లు ప్రతి నిమిషాంతమున ఒక క్షణము నిలిచి, నిమిషపు సంకేతము వచ్చినంతనే కదలును. దేశమునందలి స్టేషను గడియారములన్నియు ఒక్కసారిగా ముందునకు జరుగుటను గూర్చి తలచిన గణితోపాధ్యాయునికి ఎంత ఆనందము కలుగునో మా వారి ముఖము చూచి తెలిసికొంటిని.

అయితే అచటను సర్వము సవ్యముగ జరుగుననుకొనరాదు. మేము జూరిచ్ నుండి లుగానోనకు పోవలసిన దినములలో, 2016 జూన్ 1న ప్రారంభింపబడిన 57 కిలోమీటర్ల గొట్టార్డు సొరంగము పాసింజరు బండ్లకు మూయబడియుండెను. 2023 ఆగస్టు 10న లోపల ఒక గూడ్సుబండి చక్రము విఱిగి, పెట్టెలు పట్టాలు తప్పి, సుమారు 7 కిలోమీటర్ల దారి ధ్వంసమైనది. అది పూర్తిగా బాగుపడుటకు 2024 సెప్టెంబరు 2 వఱకును పట్టినది. ప్రపంచమున కెల్ల దీర్ఘమైన రైలుసొరంగమునకే ఇట్టి ఆపద వచ్చినది. అయినను రైళ్లు ఆగలేదు. 1882లో తెరువబడిన పాత గొట్టార్డు దారిని వారు శిథిలము కానీయక నిలుపుకొనియుండుటచే, పాసింజరు బండ్లు ఆ కొండదారిన మళ్లి, సుమారు గంట అధికమైనను గమ్యము చేరెను. ఆ దారి కొండలోపల చుట్టలు చుట్టి ఎక్కుటచే వాసెన్ గ్రామమందలి తెల్లని చర్చి మాకు మూడు మాఱులు మూడు ఎత్తులనుండి కనబడినది. ఆలస్యమగునని బయలుదేరకముందే ప్రతి పెట్టెలోను చెప్పిరి గావున, లుగానోలో ఎవరును కలత చెందలేదు. పాత సొరంగమును త్రవ్వించిన కంట్రాక్టరు లూయీ ఫావ్ర్ 1879లో ఆ సొరంగమునందే మరణించెను. ఆయన శ్రమ నూటనలువది ఏండ్ల తరువాత మావంటి పరదేశులకు దారి యిచ్చినది.

ఇప్పుడు మా జంక్షనును గూర్చి చెప్పెదను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినపుడు రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు అందులో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. రేపల్లె వాసి తన జిల్లా కేంద్రమునకు రైలులో పోదలచినచో, పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు, జంపని, చినరావూరు మీదుగా తెనాలికి వచ్చి, ఇచట బండి మారి, చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్లకు దిగవలెను. అచటి వ్యవసాయ కళాశాలలో చదువు విద్యార్థికి గాని, కలెక్టరు కచేరికి పోవు రైతునకు గాని, ఆ సుమారు 34 కిలోమీటర్ల బ్రాంచి లైను ఉపయోగపడుటయు, పడకపోవుటయు తెనాలిలో రెండు బండ్ల నడుమ గల ఎడమును బట్టియే యుండును. ఎడము మూడు గంటలైనచో అతడు బస్సెక్కును; ప్రయాణికులు లేరని మఱియొకనాడు ఆ లైనుపై బండ్లు తగ్గింపబడును. పైగా ప్రధానమార్గమును, తెనాలి స్టేషనును విజయవాడ డివిజనులోను, రేపల్లె లైను గుంటూరు డివిజనులోను ఉన్నవి. రాత్రివేళ ప్రధానమార్గపు బండి ఆలస్యమై వచ్చినప్పుడు రేపల్లె బండిని పది నిమిషములు నిలుపవచ్చునా యన్న ప్రశ్నకు ఉత్తరము రెండు కంట్రోలు ఆఫీసుల నడుమ ఉన్నది. ఈ రెండు డివిజనులును 2019లో ప్రకటింపబడిన దక్షిణ కోస్తా జోనునకే కేటాయింపబడినవి గనుక, ఒక్క ఆజ్ఞతో ఆ ఎడము పూడ్చుట సాధ్యమని నా నమ్మకము.

స్విట్జర్లాండు చిన్న దేశము, దాని దారులు అయిదువేల పైచిలుకు కిలోమీటర్లు, మనవి 68 వేలకు మించినవి, మన పట్టాలపై గూడ్సుల రద్దీయు జనసంఖ్యయు వేఱు అని మీరు సెలవిత్తురు. అది యథార్థము. అందువలననే నేను దేశమంతటికిని అడుగుటలేదు. రేపల్లె నుండి మచిలీపట్నమునకు క్రొత్త లైను కావలెనని తీరప్రజలు ఎంతో కాలముగా కోరుచున్నారు; అది న్యాయమైనదే యైనను, ఈ లేఖలో దానినిగూడ అడుగుటలేదు. పర్వతదేశమువారి విద్యను మనము పూర్వము స్వీకరింపకపోలేదు: మీ ఏలుబడిలోని నీలగిరి రైలు రోమన్ ఆబ్ట్ అను స్విస్ ఇంజనీరు పళ్లపట్టా పద్ధతితో 1899లో కూనూరునకు ఎక్కినది, దాని ఆవిరి ఇంజనులలో అనేకములు వింటర్‌టూర్ నగరమునుండి వచ్చినవి. ఇనుమునకు ధనము వెచ్చింపవలసియుండెను. కాలపట్టికకు కావలసినది కాగితమును, శ్రద్ధయు, అధికారమును మాత్రమే.

కావున నా ప్రార్థన ఇది. రానున్న కాలపట్టికను సిద్ధపఱచునపుడు తెనాలి–రేపల్లె లైనుపై ఒక సంవత్సరము ప్రయోగము చేయింపుడు. రేపల్లె బండి రాకపోకలను బాపట్ల వైపునకును, విజయవాడ వైపునకును పోవు బండ్లతో కూర్చి, దినదినమును అవే వేళలలో నడిపింపుడు. ఆఖరి రేపల్లె బండిని ఎన్ని నిమిషముల వఱకు నిలుపవచ్చునో నిర్ణయించి, ఆ అధికారమును తెనాలిలో ఒక్క అధికారికి అప్పగించి, ఆ సంగతిని స్టేషనులో తెలుగున వ్రాయించి కట్టింపుడు. అంతకును మించి ఆలస్యమైన రాత్రి బస్సు ఏర్పఱుపుడు. రేపల్లెకు పోవువారు ఏ ప్లాటుఫారమునకు పోవలెనో తెనాలి రాకమునుపే బండిలోపల తెలుగులో ప్రకటింపింపుడు. సంవత్సరాంతమున ఎందఱు కనెక్షను అందుకొనిరో, ఎందఱికి తప్పినదో ఆ లెక్కను ప్రజలకు వెల్లడింపుడు. మీ అధికారులలో నెవరినైన ఒక రాత్రి రేపల్లె టికెట్టుతో తెనాలిలో బండి మారుటకు పంపి, వారు చూచినదానిని బట్టి నిర్ణయింపవలసినదిగా వేడుకొనుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి.