వంటింటి గుడ్డయు నలుబదియైదు కుట్లును

మన సంఘ పత్రికలో మాతృభాషను గూర్చియు, తెలుగు బడులను గూర్చియు వ్యాసములు తరచుగా వచ్చుచుండును. వానిలో కొన్ని మేమును వ్రాసితిమి. నేడు పాత్రలు తోముకొను నూలు గుడ్డను గూర్చి వ్రాయుచున్నామనిన చదువరులు నవ్వవచ్చును. నవ్విన పిదపనైనను తుదివరకు చదువ ప్రార్థన.

మన పెద్దలు తెలంగాణపు పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వచ్చిరి. ఇచ్చట తొలి నూలు మిల్లు 1877 లో వెలసినది. ఈ ఊరి చద్దరులును, తువ్వాళ్లును దేశమంతట పేరెన్నికగన్నవి. మన తల్లులు దినమునకు వేయి బీడీలు చుట్టి, ఒక్కొక్కదానికి దారము బిగించిన చేతులవారు. ఇంతటి నూలు బంధువులమైన మనము పాత్రలు తోముటకు అంగడిలో ప్లాస్టిక్ స్పంజి కొని తెచ్చుచున్నాము. అది నెల తిరుగకముందే చిరిగి పెంటకుప్ప చేరుచున్నది. మట్టిలో కలియునా యనిన, కలియదు.

గత వేసవి సెలవులలో మా వదినెగారు రెండు సూదులు తీసికొని, మా దుకాణమున కోనులలో మిగిలిన నూలుతో ఒక చదరపు గుడ్డ అల్లిరి. చూచుచున్న మా తమ్ముని కుమార్తె తానును నేర్తునన్నది. పదియేండ్ల పిల్ల. కుట్లు లెక్కింపుమనగా ఇరువది వరకు తెలుగున చక్కగా చెప్పి, ఆపైన ఆంగ్లమునకు దిగినది. "తెలుగున చెప్పవమ్మా" అంటిమి. "ఇరువది తరువాత నాకు రాదు, పెద్దబాపూ" అన్నది. సంఘ వార్షికోత్సవమున తెలుగు పద్యము చదివి బహుమతి పొందిన పిల్ల ఆమెయే! ఆనాడు మాకు తల వంగినది. తప్పు పిల్లది కాదు. ఇంట లెక్కించు పని లేకుండ చేసిన మనది.

అల్లిక విధానము కష్టమైనది కాదు. పది నంబరు రెండు పేటల నూలు ఐదు పోగులు కలిపి పట్టుకొనవలెను. నాలుగు మిల్లీమీటర్ల సూదులు చాలును. మొదట నలుబదియైదు కుట్లు సూదిపై ఎక్కింపవలెను. పిదప ఒకటి సూటి కుట్టు, ఒకటి ఎదురు కుట్టు. మరల సూటి, మరల ఎదురు. సూటి కుట్టునకు దారము సూదికి వెనుక నుండవలెను, ఎదురు కుట్టునకు ముందునకు రావలెను. కుట్లు బేసి సంఖ్య గనుక ప్రతి వరుసయు సూటితో మొదలై సూటితోనే ముగియును. ఇంతకు మించి జ్ఞాపకముంచుకొనవలసినది లేదు.

ఇట్లు అల్లినచో గుడ్డ రెండు వైపులను గింజలు పరచినట్లు బుడిపెలు లేచును. ఆ బుడిపెలే అంటుడును గీకును. వాని నడిమి సందులు నీటిని పీల్చును. సూటియు ఎదురును సమముగా నుండుటచే అంచులు చుట్టుకొనవు. లెక్క తప్పెనా, బుడిపెలు పోయి నిలువు గాడులు పడును. తప్పు కంటికి వెంటనే కనబడును. మూలనుండి మూలకు మడిచి చూచి, చదరమైనప్పుడు కుట్లను వదులుగా దింపి, కొసను తగిలించుకొనుటకు చిన్న ఉచ్చు వేయవలెను. ఇంచుమించు పది అంగుళముల గుడ్డకు నలుబదియైదు గ్రాముల నూలు పట్టును. రంగు నూలైనచో ముందుగా వేడినీట నానవేసి, రంగు దిగదని చూచుకొనవలెను. వాడిన గుడ్డను తడిగా ముద్ద చేసి యుంచరాదు. పిండి ఎండలో ఆరవేయవలెను, అప్పుడప్పుడు మరగు నీట వేయవలెను.

ఒక్కొక్క వరుసకు నలుబదియైదు. గుడ్డ ముగియులోపల పిల్ల ఆ లెక్కను అనేక పర్యాయములు వల్లించును. మరాఠీలో నూరులోపు అంకెలకు వేరువేరు రూపములు కంఠస్థము చేయవలెను. తెలుగున ఇరువది దాటినచో దారి సుగమము: ముప్పది ఒకటి, ముప్పది రెండు, నలుబది మూడు. ఇంత సులువైన దానిని మన పిల్లలు పోగొట్టుకొనుట న్యాయమా? మా పిల్ల రెండవ గుడ్డ ముగించునప్పటికి నూరు వరకు తడబడక చెప్పినది. దానికి బహుమతి ఎవ్వరును ఈయలేదు, గుడ్డయే బహుమతి.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇది మన కులవృత్తి కాదు, పరదేశపు అల్లిక అందురు. నిజమే, మనది నేత. కాని నూలు మనది, చేయి మనది, లెక్కించు భాష మనది. అంగడిలో చవుకగా దొరకుచుండగా ఈ శ్రమ యేల అందురు. శ్రమకు వెలగట్టినచో ఈ గుడ్డ గిట్టదు. వర్తకులము గనుక మేమే ఒప్పుకొనుచున్నాము. అందుచేతనే దీనిని అమ్మకమునకు చేయుమనుట లేదు. నూలు వర్తకులు నూలునే పొగడుదురనియు అనవచ్చును. అందుకొరకు కోనులలో మిగిలిన నూలును సంఘమునకు ఉచితముగా ఇచ్చుటకు సిద్ధముగా నున్నాము.

మా మనవి రెండు మాటలు. ఆదివారపు తెలుగు తరగతిలో అరగంట ఈ అల్లికకు కేటాయింపుడు; బాలికలతోపాటు బాలురును కూర్చుండవలెను, మగ్గమున కూర్చున్నవారు మన తాతలే గదా. ఇక సంక్రాంతి హల్దీ కుంకుమ పేరంటములలో ఇరుగుపొరుగు మరాఠీ సోదరీమణులకు మనము ప్లాస్టిక్ డబ్బాలు పంచుచున్నాము. ఈ సంవత్సరము ఇంటింటను అల్లిన గుడ్డ ఒక్కొక్కటి ఇత్తము. పరాయి రాష్ట్రమున తరతరములుగా నిలిచిన మనకు పొరుగువారి వంటింట చోటు దొరకుటకంటె గౌరవమేమున్నది?

భాష సభలలో బ్రతుకదు. చేతి పనిలోను, నోటి లెక్కలోను బ్రతుకును. సూదులు చేతబట్టి, ఒకటి నుండి మొదలిడుడు.