దిష్టి కాదు, లెక్క: కప్పు గెలిచిన జట్టు ఎందుకు చతికిలబడింది?

టెక్సస్ రేంజర్స్ 2025 సీజన్‌ను సరిగ్గా 81 గెలుపులు, 81 ఓటములతో ముగించింది. అంతకు ముందు ఏడాది 78 గెలుపులు, 84 ఓటములు. రెండుసార్లూ ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. 2023 నవంబర్ 1న తన చరిత్రలో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచి, ఆర్లింగ్టన్ వీధుల్లో లక్షల మంది మధ్య ఊరేగిన జట్టు ఇదే.

ఆ కప్పు తెచ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. మార్కస్ సెమియన్‌ని గత నవంబర్‌లో న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చేశారు. 2023 ప్లేఆఫ్స్‌లో ఒంటిచేత్తో మ్యాచ్‌లు గెలిపించిన అడోలిస్ గార్సియాను కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేశారు. మేనేజర్ బ్రూస్ బోచీ వెళ్లిపోయారు. డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాల్లో పిల్లల పుణ్యమా అని బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్లు తక్కువేమీ కాదు. ఎక్కడ నలుగురు కలిసినా వినపడే మాటలు మూడే: "డబ్బు ఎక్కువై ఒళ్లు వంచడం మానేశారు", "గెలుపు తలకెక్కింది", "దిష్టి తగిలింది".

దిష్టి మాట మనదే అనుకోనక్కర్లేదు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కిన ఆటగాడు ఆ తర్వాత పడిపోతాడని అమెరికన్లు కూడా దశాబ్దాలుగా నమ్ముతున్నారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ అంతకంటే ముందు చూడాల్సినది ఒకటుంది. మన అంచనా ఎక్కడినుంచి వచ్చింది?

నాణెం ఎగరేస్తే

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకి ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. ఒక నాణేన్ని 162 సార్లు ఎగరేయండి. సగటున 81 సార్లు బొమ్మ పడాలి. నిజంగా ఎగరేస్తే మాత్రం మూడింట రెండొంతుల సార్లు 75కీ 87కీ మధ్య ఎక్కడైనా ఆగుతుంది. మిగతా ఒక వంతు ఆ హద్దులు కూడా దాటిపోతుంది. బేస్‌బాల్ సీజన్ కూడా 162 మ్యాచ్‌లే. అంటే బలంలో అచ్చంగా సగటు జట్టు, ఏమీ మారకుండా, కేవలం అదృష్టం వల్ల ఒక ఏడాది 87 గెలిచి మరో ఏడాది 75 గెలవవచ్చు. మొదటి ఏడాది మేనేజర్ మేధావి, రెండో ఏడాది అసమర్థుడు అయిపోతాడు.

2023లో రేంజర్స్ గెలిచింది 90. ఫైనల్లో ఎదురుపడ్డ అరిజోనా డైమండ్‌బ్యాక్స్ గెలిచింది 84 మాత్రమే. మరుసటి ఏడాది అదే అరిజోనా 89 మ్యాచ్‌లు గెలిచింది, అంటే ఇంకా బాగా ఆడింది. అయినా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. అదే 89 గెలుపులున్న మెట్స్, అట్లాంటా బ్రేవ్స్ టైబ్రేకర్ మీద ముందుకెళ్లాయి. 84 గెలిచినప్పుడు అద్భుతం, 89 గెలిచినప్పుడు నిరాశ. ఆట మెరుగుపడినా ఆ ఏడాది వైఫల్యం కిందే లెక్కకొచ్చింది.

మన సన్‌రైజర్స్ సంగతీ చూడండి. 2024లో బెంగళూరు మీద 287 కొట్టి, ఐపీఎల్ ఫైనల్ దాకా వెళ్లారు. 2025 తొలి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టేసరికి, 300 ఏ రోజు కొడతారా అన్నదే చర్చ. తర్వాత వరసగా నాలుగు ఓడిపోయారు, చివరికి ఆరో స్థానం. లీగ్‌లో ఉన్నవి 14 మ్యాచ్‌లే. 162 మ్యాచ్‌లలోనే అదృష్టం అంత ఆడుకుంటే, పద్నాలుగింటిలో ఎంత ఆడుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పండిత పుత్రుడి సూత్రం

"పండిత పుత్ర పరమ శుంఠ" అని మనవాళ్లు ఎకసెక్కంగా అంటారు. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తుల్నీ పిల్లల ఎత్తుల్నీ కొలిచి దాదాపు ఇదే సంగతి కాస్త మర్యాదగా చెప్పాడు. బాగా పొడుగువాళ్ల పిల్లలు పొడుగ్గానే ఉంటారు గానీ, సగటున తల్లిదండ్రులంత ఉండరు. ఏ అసాధారణమైన ఫలితంలోనైనా ప్రతిభ కొంత, కలిసొచ్చింది కొంత ఉంటుంది. ప్రతిభ మరుసటి ఏడాదికి మిగులుతుంది. కలిసొచ్చింది మళ్లీ కలిసిరావాలని లేదు.

రేంజర్స్ 2024 పతనంలో పెద్ద భాగం ఇదే. ఇవాన్ కార్టర్ 21 ఏళ్ల వయసులో 2023 సెప్టెంబర్‌లో జట్టులోకి వచ్చి 23 మ్యాచ్‌లలో 0.306 సగటుతో కొట్టాడు. అందరూ కాబోయే సూపర్‌స్టార్ అన్నారు. కానీ అతను బ్యాట్ పట్టింది అరవై పైచిలుకు సార్లు. అన్ని సార్లకి 0.270 స్థాయి ఆటగాడు కూడా అదృష్టం బాగుంటే 0.320 కొట్టగలడు, బాగోకపోతే 0.215 దగ్గర ఆగిపోగలడు. 2024లో కార్టర్ 0.188 సగటుతో 45 మ్యాచ్‌లకే వెన్నునొప్పితో ఆగిపోయాడు. గార్సియా హోమ్ రన్లు 39 నుంచి 25కి, సెమియన్ సగటు 0.276 నుంచి 0.237కి పడ్డాయి. ఒకే ఏడాది అందరికీ కలిసొచ్చిన జట్టే కప్పు గెలుస్తుంది. మరుసటి ఏడాది కూడా అందరికీ కలిసిరావాలని మనం కోరుకున్నాం.

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలోని శిక్షకుల గురించి రాసిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. పైలట్ బాగా నడిపినప్పుడు మెచ్చుకుంటే తర్వాత చెడగొడుతున్నాడనీ, చెడగొట్టినప్పుడు తిడితే బాగుపడుతున్నాడనీ ఆ శిక్షకులు నమ్మేవారు. నిజానికి మెచ్చుకున్నా తిట్టినా, చాలా మంచి రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది, చాలా చెడ్డ రోజు తర్వాతా మామూలు రోజే వస్తుంది. తిట్టు పనిచేసిందని శిక్షకుడు అనుకుంటాడు. కోచ్‌లని మార్చే యజమానులు, మార్కులు చూసి గొంతు పెంచే తల్లిదండ్రులు పడే పొరపాటు ఇదే.

అన్నీ అదృష్టం మీదికి నెట్టలేం

అలాగని ప్రతి ఓటమికీ ఇదే సమాధానం చెప్పుకుంటే మోసపోతాం. రేంజర్స్ 2023లో 881 రన్స్ చేశారు, అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. 2024లోనూ 2025లోనూ 680 పైచిలుకుతో ఆగిపోయారు. ఒక ఏడాది తగ్గితే సగటుకి దిగిరావడం అనుకోవచ్చు. రెండేళ్లు, 324 మ్యాచ్‌లు అదే వరస సాగితే అది అదృష్టం కాదు, జట్టు బ్యాటింగే ఆ స్థాయికి పడిపోయిందని అర్థం. 2025లో వాళ్ల పిచింగ్ మొత్తం మేజర్ లీగ్‌లోనే నంబర్ వన్. అంత మంచి పిచింగ్ ఉండి కూడా సగమే గెలిచారంటే తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. సీజన్ మధ్యలో బ్యాటింగ్ కోచ్‌ని మార్చడం, చివర్లో సెమియన్, గార్సియాలని పంపేయడం ఆ లెక్కలోంచి వచ్చినవే.

ఇందులో వయసు పాత్ర కూడా ఉంది. బేస్‌బాల్ బ్యాటర్లు సాధారణంగా ఇరవైల చివర్లో శిఖరాన ఉంటారు. పెద్ద కాంట్రాక్ట్ చేతికొచ్చేది కూడా అప్పుడే, లేదా దాటాక. అంటే జట్టు డబ్బు కట్టేది గతానికి, ఆడించుకునేది భవిష్యత్తుని. సెమియన్ 7 ఏళ్ల 17.5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టినప్పుడు వయసు 31. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ ఆంథనీ రెండన్‌కి 7 ఏళ్లకు 24.5 కోట్ల డాలర్లిచ్చారు. గాయాల వల్ల అతను ఏ ఒక్క సీజన్‌లోనూ 58 మ్యాచ్‌లకి మించి ఆడలేదు. ఒళ్లు వంచలేదని అతన్ని తిట్టినవాళ్లు చాలామంది. ఒళ్లే వంగకపోతే ఎవరేం చేస్తారు?

దీనికి ఎదురు ఉదాహరణ హ్వాన్ సోటో. మెట్స్ 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లిచ్చారు. 2025 మే నెలాఖరుకి సగటు 0.230 చుట్టూ తిరుగుతుంటే డబ్బు దండగన్నారు. సెప్టెంబర్ పూర్తయ్యేసరికి 43 హోమ్ రన్లు కొట్టి 38 బేస్‌లు దొంగిలించాడు. అతను నిలబడ్డాడు గానీ జట్టు నిలబడలేదు. జూన్ మధ్యలో 45 గెలుపులు, 24 ఓటములతో అందరికంటే ముందున్న మెట్స్, చివరి రోజు ఓడి 83 గెలుపులతో ఇంటికెళ్లింది. ఒక్కడిని కొని తొమ్మిది స్థానాలు నింపలేరు.

రాకర్ మీద మన ఆశ

ఇక మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకునే పేరు కుమార్ రాకర్. తల్లి లలిత భారత సంతతి, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున, మొదటి ఏడాది విద్యార్థిగానే, డ్యూక్ జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ రోజు నుంచి ప్రతి రోజూ ఆ రోజుతోనే పోలిక.

2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది. వైద్య పరీక్షల తర్వాత సంతకం చేయకుండా వదిలేసింది. ఆ శరదృతువులో భుజానికి సర్జరీ జరిగింది. 2022లో రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023 మేలో మోచేతికి టామీ జాన్ సర్జరీ. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ తరఫున ఆడి పైకొచ్చి, 2024 సెప్టెంబర్ 12న సియాటిల్ మీద తొలి మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్స్‌లోనే ఏడు స్ట్రైకౌట్లు తీశాడు. 2025లో 14 మ్యాచ్‌లు స్టార్ట్ చేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 5.74 రన్స్ ఇచ్చాడు. మధ్యలో మైనర్ లీగ్‌కి పంపించారు.

విఫలమయ్యాడా? అదే కాలేజీ నుంచి, అదే రేంజర్స్‌కి, 2021లో రెండో స్థానంలో వచ్చిన జాక్ లైటర్‌ని చూడండి. 2024లో తొలి సీజన్‌లో అతని సగటు 8.83. ఇక అయిపోయాడన్నారు. 2025లో 3.86కి దించి, సీజన్ పొడుగునా జట్టుకి ఆధారంగా నిలిచాడు. రాకర్ కూడా అలాగే లేస్తాడని నేను చెప్పను. మేజర్ లీగ్‌లో పట్టుమని ఇరవై మ్యాచ్‌లు కూడా ఆడని, రెండు సర్జరీలు దాటిన పిచర్ గురించి తీర్పు చెప్పడానికి ఆ అంకెలు చాలవని మాత్రం చెబుతాను.

మన ఇళ్లలోకి వస్తే

2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ పిచర్ల గాయాల మీద ఒక నివేదిక విడుదల చేసింది. 2008లో గంటకు 91 మైళ్లున్న సగటు ఫాస్ట్‌బాల్ వేగం ఇప్పుడు 94 దాటిందనీ, ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడమే గాయాలకు ముఖ్య కారణాల్లో ఒకటనీ, ఈ జబ్బు పిల్లల స్థాయికి దిగిందనీ అందులో ఉంది. అంటే అంచనాల బరువు ఇరవై ఏళ్లకి కాదు, పన్నెండేళ్లకే మోచేతి మీద పడుతోంది.

ట్రావెల్ టీమ్‌లలో పిల్లలున్నవాళ్లు పిచ్ స్మార్ట్ నియమాలు తప్పక చూడాలి. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చినవి. 9, 10 ఏళ్లవాళ్లు రోజుకి 75 బంతులు, 11, 12 ఏళ్లవాళ్లు 85, 13, 14 ఏళ్లవాళ్లు 95కి మించి విసరకూడదు. ఆ మధ్యలో ఎన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలో కూడా ఉంది. 12 ఏళ్లలోపు పిల్లలైతే ఏడాదికి కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. రెండు టీమ్‌లలో ఆడుతుంటే లెక్క పెట్టాల్సింది కోచ్‌లు కాదు, మనమే. ఏ కోచ్‌కీ రెండో టీమ్ బంతులు కనపడవు.

ఆట ఏదైనా, ఎస్ఏటీ అయినా, పిల్లల గ్రాఫ్ కిందికి వచ్చినప్పుడు కోప్పడే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. మనం పోలుస్తున్నది వాళ్ల మామూలు స్థాయితోనా, ఒక్క మంచి రోజుతోనా? ఇది ఎన్ని మ్యాచ్‌ల, ఎన్ని టెస్టుల లెక్క? ఒంట్లో, మనసులో నొప్పి ఏదైనా ఉందా? మొదటిదైతే ఓపిక పట్టాలి. చాలా కాలంగా సాగుతున్నదైతే పద్ధతి మార్చాలి. నొప్పి ఉంటే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూడింటికీ మందు వేరు. మనం మాత్రం మూడింటికీ ఒకటే మందు వేస్తుంటాం: "ఇంకా గట్టిగా ప్రయత్నించు."

మార్చి చివర్లో కొత్త సీజన్ మొదలవుతుంది. రేంజర్స్ మొదటి వారం వరసగా గెలిస్తే కప్పు మనదే అంటారు, ఓడితే అంతా అయిపోయిందంటారు. మెమోరియల్ డే దాకా ఆగండి. అప్పటికి యాభై మ్యాచ్‌లు దాటి ఉంటాయి. లెక్క కొంచెం నిజం చెప్పడం అప్పుడు మొదలవుతుంది.