‘లేదు’ అని తొందరపడి చెప్పని టూల్ కావాలి

ఈ సెలవుల్లో మా ల్యాబులో 36 సిస్టమ్స్‌కి ఉబుంటు కొత్తగా వేయాలి. అందులో ముందే ఏమేం ఉండాలో లిస్టు రాసే పని నాకూ, నా రూమ్మేట్‌కీ పడింది. ఎడిటర్ దగ్గర గొడవ అవుతుందనుకున్నా. అవలేదు. గొడవంతా ఫైళ్ళు వెతికే టూల్ దగ్గరొచ్చింది.

"ఇంకా ఫైండ్ ఏంట్రా? ఎఫ్‌డి వేసేద్దాం. ఫైండ్ అని కొట్టినా అదే నడిచేలా ఏలియాస్ పెట్టేద్దాం" అన్నాడు వాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఎఫ్‌డి రస్ట్‌లో రాసింది, బాగా ఫాస్ట్. పేరులో ఒక ముక్క ఇస్తే చాలు. ఫైండ్‌కైతే హైఫన్ నేమ్ పెట్టాలి, స్టార్‌ని కొటేషన్లలో ఉంచాలి. కొటేషన్లు మర్చిపోతే ఆ స్టార్‌ని షెల్ ముందే మింగేసి, అర్థంకాని ఎర్రర్ మన మొహాన కొట్టే అవకాశం ఉంది. ఫస్టియర్‌లో నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

అయినా నేను ఒప్పుకోలేదు. పోయిన సెమిస్టర్‌లో జరిగింది ఇంకా మర్చిపోలేదు మరి.

మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి. హాస్టల్ డాబా మీద సెన్సర్ పెట్టి మూడు వారాలు తీసిన ఉష్ణోగ్రతల సీఎస్‌వి ఫైలు కావాలి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఎఫ్‌డి కొట్టాను. ఏమీ రాలేదు. ఎర్రర్ కూడా లేదు. ఫైలు డిలీట్ అయిపోయిందనే అనుకున్నాం. టీమ్‌లో ఒకమ్మాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రోజూ గ్రూపులో పెట్టుకున్న స్క్రీన్‌షాట్లు చూస్తూ రాత్రి రెండింటిదాకా రీడింగులు మళ్ళీ టైప్ చేశాం. పొద్దున ల్యాబ్ అసిస్టెంట్ సార్ వచ్చి ఫైండ్ కొట్టారు. ఫైలు అక్కడే ఉంది!

పెద్ద ఫైళ్ళు గిట్‌లోకి వెళ్ళకూడదని, డాట్ గిట్‌ఇగ్నోర్‌లో సీఎస్‌విలన్నిటినీ రాసింది మేమే. ఎఫ్‌డి మామూలుగా ఆ లిస్టులో ఉన్నవాటిని చూపించదు. చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫైళ్ళనీ చూపించదు. హైఫన్ యు పెడితే రెండూ చూపిస్తుంది. దాన్ని తప్పుపట్టలేను, మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది. కోడ్ రాసేవాళ్ళకి బిల్డ్ ఫోల్డర్ల చెత్త కనబడకపోవడమే సుఖం. కానీ టెర్మినల్ ముందు కొత్తగా కూర్చున్న జూనియర్ సంగతేంటి? ‘ఫైలు లేదు’ అనడానికీ, ‘నేను అటు చూడలేదు’ అనడానికీ తేడా వాడికి ఎవరు చెప్తారు?

"పోనీ పీలొకేట్?" అన్నాడు వాడు. అది ముందే తయారుచేసుకున్న ఇండెక్స్‌లో చూస్తుంది కాబట్టి డిస్కంతా వెతికినా రెప్పపాటులో చెప్తుంది. మనకి అనుమతి లేని ఫోల్డర్లలోవి చూపించదు కూడా, పదిమంది వాడే సిస్టమ్‌లో అది ముఖ్యమే. కానీ ఆ ఇండెక్స్ మామూలుగా రోజుకోసారే తాజా అవుతుంది. పొద్దున సేవ్ చేసింది మధ్యాహ్నానికి దొరక్కపోవచ్చు. ఇంకో తిరకాసు ఉంది. మీడియా ఫోల్డర్‌ని వదిలేయమని ఉబుంటు సెట్టింగుల్లో ముందే రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్ గుచ్చితే వచ్చి కూర్చునేది అందులోనే. మన ల్యాబులో సగం మంది రికార్డులు ఉండేది పెన్‌డ్రైవ్‌లోనే కదా!

ఫైండ్ నెమ్మదే. రూట్ నుంచి వెతకమంటే ‘పర్మిషన్ డినైడ్’ లైన్లతో స్క్రీన్ నింపేస్తుంది. నాకైతే ఆ గోలే నచ్చుతుంది. ఎక్కడికి వెళ్ళలేకపోయిందో చెప్తోంది కదా. పైగా అది పోసిక్స్ ప్రమాణంలో ఉన్న కమాండ్, రేపు ఏ సర్వర్ ముందు కూర్చోబెట్టినా ఉంటుంది. మన ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్నవీ ఫైండ్ కమాండ్లే. ఏలియాస్ పెడితే అవి ఎఫ్‌డికి అర్థం కావు.

చివరికి ఒప్పందం కుదిరింది. ఫైండ్‌ని ముట్టుకోం. మిగతా రెండూ పక్కన ఉంటాయి. ఎఫ్‌డి అనే పేరు వేరే ప్యాకేజీ ముందే తీసేసుకుంది కాబట్టి ఉబుంటులో ఎలాగూ ఎఫ్‌డిఫైండ్ అని కొట్టాలి.

రూమ్మేట్ తన ల్యాప్‌టాప్‌లో ఏలియాస్ పెట్టుకున్నాడు. నా దాంట్లో నేనూ ఎఫ్‌డినే వాడుతున్నా. ఏమీ రాకపోతే మాత్రం హైఫన్ యు పెట్టి ఇంకోసారి కొడుతున్నా.