పుస్తకాలతో పాటు అనుభవమూ నిలవాలి

పాత తెలుగు పుస్తకం కోసం ఇంటర్నెట్‌లో వెతికితే చాలాసార్లు ఎదురయ్యేది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన ప్రతే. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు అది భారతీయ విభాగం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ముందుండి నడిపించగా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రధాన కేంద్రాల్లో ఒకటైంది. భారత్, చైనా, ఈజిప్టు, అమెరికా భాగస్వాముల కృషితో 2007 నాటికే స్కాన్ అయిన పుస్తకాలు పది లక్షలు దాటాయి. ఏ పెద్ద గ్రంథాలయానికో వెళితే తప్ప కంటపడని పుస్తకాలు మారుమూల పల్లె విద్యార్థికీ అందాయి. ఆ మేలు చిన్నది కాదు.

లోపాలూ అంతే స్పష్టంగా బయటపడ్డాయి. ఒకే పుస్తకం ఒకటికి రెండుసార్లు స్కాన్ అయింది. తెలుగు పేర్లను ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు రోమన్ లిపిలో ఎక్కించడంతో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకలేదు. కొన్నిటిలో పేజీలు లేవు. చివరికి వెబ్‌సైటే అందుబాటులో లేకుండా పోయింది. ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చి ఉండకపోతే ఆ శ్రమలో చాలా భాగం పాఠకులకు దక్కకుండా పోయేది.

ఇవి యంత్రాల లోపాలు కావు, నిర్వహణ లోపాలు. పనిని పేజీల లెక్కన కొలిచినచోట కేటలాగుకు వెచ్చించే సమయం దండగగా కనిపిస్తుంది. పుస్తకం బీరువాకు చేరేలోపే పేజీలు సరిచూసుకోవడం నిమిషాల పని. ఏళ్ల తర్వాత లోపం తెలిస్తే ఆ పుస్తకాన్ని మళ్లీ వెతకాలి. అప్పటికి కాగితం పొడిపొడి అయిపోయి ఉండవచ్చు. ఏ బైండింగు స్కానర్‌కు తట్టుకుంటుంది, వివరాలు ఎక్కించేవారికి తెలుగు ఎంత రావాలి, కాపీరైట్ చిక్కు లేకుండా రచయిత మరణించి 60 ఏళ్లు దాటాయో లేదో ఏ దశలో తేల్చుకోవాలి? ఇవన్నీ స్కానింగ్ కేంద్రాన్ని నడిపినవారికే బాగా తెలుస్తాయి. బదిలీతోనో, గడువు ముగియడంతోనో వారు వెళ్లిపోతే ఆ జ్ఞానమూ వెళ్లిపోతుంది. తర్వాతి ప్రాజెక్టు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

వైఫల్యాన్ని రాసిపెడితే ఆడిట్‌లో అదే మెడకు చుట్టుకుంటుందన్న భయం అధికారుల్లో ఉంటుంది. అందుకే ముగింపు నివేదికల్లో విజయాలే కనిపిస్తాయి. ఈ భయాన్ని తొలగించాల్సింది ప్రభుత్వాలే. నిజాయతీగా నమోదు చేసిన పొరపాటు నేరం కాదు, తర్వాతివారికి అది రక్షణ.

రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి చేయగల పనులున్నాయి. స్కానింగ్ మొదలుపెట్టే ముందు చూసుకోవడానికి తెలుగు లిపిలో ఉమ్మడి పుస్తక పట్టిక కావాలి. ప్రాజెక్టు మేనేజర్లు, గ్రంథపాలకులు, పేజీ పేజీ సరిచూసే తెలుగు వికీసోర్స్ కార్యకర్తలు ఏటా కలిసి కూర్చుని ఇబ్బందులు పంచుకోవాలి. ప్రతి ఫైలూ కనీసం రెండు సంస్థల్లో ఉండాలి. ప్రాజెక్టు ముగిశాక నిర్వహణకయ్యే ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే చేరాలి.

వీటన్నిటికంటే ముందు, లోపాలతో సహా రాసిన ముగింపు నివేదికను బహిరంగంగా ఉంచాకే చివరి బిల్లు చెల్లించాలి. ఇకపై వెలువడే ప్రతి డిజిటలీకరణ టెండర్‌లోనూ ఈ షరతు ఉండి తీరాలి.