గేదెకు పొడిచే సూది, బాలింతను కాపాడే సూది

పల్సానా (సూరత్): సూరత్ నుంచి పల్సానా వైపు వస్తే దారి పొడవునా అద్దకం మిల్లులే. మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. పాల సంగతి ఎత్తితే ఇక్కడా, మన ఊళ్లలోనూ వచ్చే అనుమానం ఒక్కటే: 'ఇంజెక్షన్ పాలు కాదు కదా?'

ఆ ఇంజెక్షన్ పేరు ఆక్సిటోసిన్. మెదడులోని హైపోథాలమస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉండి, అవసరమైనప్పుడు రక్తంలోకి వచ్చే హార్మోన్. దూడ పొదుగును కుమ్మితే గేదె చేపేది దీనివల్లే. దూడ చచ్చిపోయినా, ఓపిక లేకపోయినా కొందరు సూది పొడిచి చేపు తెప్పిస్తారు. పశువుకు హాని చేసేలా ఇలా పాలు పిండితే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద 2 ఏళ్ల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలకు ఇవాళ ఎవరు భయపడతారు?

ప్రసవమయ్యాక గర్భాశయం బిగుసుకోకపోతే రక్తం ఆగదు. బాలింత గంటల్లో చనిపోవచ్చు. అప్పుడు ముందుగా గుర్తొచ్చే మందు ఇదే ఆక్సిటోసిన్. 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

కేంద్రం 2018 ఏప్రిల్‌లో పశువుల వైపు మాత్రమే చూసింది. దుర్వినియోగం పేరు చెప్పి, దేశీయ అవసరాలకు ప్రైవేటు కంపెనీలు ఈ మందు తయారుచేయకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. బాధ్యతంతా ప్రభుత్వ రంగంలోని కర్ణాటక యాంటీబయాటిక్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ మీద పెట్టింది. దొంగచాటు అమ్మకాన్ని అరికట్టాలంటే తనిఖీలు పెంచాలి. దానికి బదులు లైసెన్సు ఉన్న తయారీదారులకు తాళం వేశారు. ఆ ఒక్క ఫ్యాక్టరీలో యంత్రం ఆగితే దేశంలోని ప్రసూతి వార్డుల గతేమిటి? కంపెనీలు, అఖిల భారత ఔషధ కార్యాచరణ నెట్‌వర్క్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. నిషేధానికి శాస్త్రీయ ఆధారం లేదంటూ జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ ఎ.కె. చావ్లా ధర్మాసనం 2018 డిసెంబరు 14న దాన్ని కొట్టివేసింది. కేంద్రం అప్పీలు చేసింది. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది.

ఇంతకీ 'ఇంజెక్షన్ పాలు' తాగితే మనకేమవుతుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గేదె పాలపై చేసిన పని 2014లో ప్రచురితమైంది. సూది వేసిన గేదెల పాలలో ఆక్సిటోసిన్ ఎక్కువగా కనిపించలేదు. పాలు కాచినా అది పోదు కానీ, జీర్ణక్రియలో విచ్ఛిన్నమైపోతుంది. ఆడపిల్లలు తొందరగా పుష్పవతులు కావడానికి ఈ పాలే కారణమనే ప్రచారాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. సూది బాధ గేదెది. అది చిన్న విషయం కాదు, కానీ వేరే విషయం.

మనం అడగాల్సిన ప్రశ్న ఆస్పత్రి ఫ్రిజ్ గురించి. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలితే దాని శక్తి తగ్గిపోతుంది, చూడ్డానికి మాత్రం సీసా అలాగే ఉంటుంది. 2018-20 లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, గుజరాత్‌లో 57. దేశ సగటు 97 కంటే మెరుగే. అయినా మే నెలలో కరెంటు పోయిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందు ఏ స్థితిలో ఉందో సగటు చెప్పదు.

దీనికి మార్గాలున్నాయి. ఆక్సిటోసిన్‌ను అనుకరించే కార్బెటోసిన్‌లో వేడికి తట్టుకునే రకాన్ని భారత్ సహా 10 దేశాల్లో దాదాపు 30 వేలమంది మహిళలపై పరీక్షించారు. రక్తస్రావాన్ని ఆపడంలో అది ఆక్సిటోసిన్‌కు తీసిపోదని 2018లో తేలింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కింది. ఇదే హార్మోన్‌ను అడ్డుకునే అటోసిబాన్‌ను నెలలు నిండకముందు వచ్చే నొప్పులను ఆపడానికి వాడతారు. గేదెల సూది గురించి జరిగినంత చర్చ వీటి ధర గురించి, ప్రభుత్వ కొనుగోళ్ల గురించి మన శాసనసభల్లో జరగాలి. ఈలోగా ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, దాని రీడింగు రోజూ రాస్తున్నారా అన్నది ఏ సర్పంచైనా వెళ్లి చూడొచ్చు.