ఫోన్‌లో ప్రశ్న, ఇంట్లో జవాబు

ఏర్గట్ల, ఆర్మూరు ప్రాంతపు పసుపు పండే ఊళ్ళలో సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనం ఖాందాన్ అడుగుతాం, చదువు అడుగుతాం, అబ్బాయి గల్ఫ్‌లో ఉంటే జీతమూ అడుగుతాం. రక్తంలో తలసేమియా లక్షణం ఉందా అని మాత్రం అడగం. అడిగితే ఎదుటివారిని అవమానించినట్లవుతుందని భయం.

ఆ లక్షణం ఉన్నంత మాత్రాన మనిషి రోగి కాడు. కానీ భార్యాభర్తలిద్దరిలోనూ అది ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. తీవ్రమైన వ్యాధి ఉన్న బిడ్డకు కొద్ది వారాలకొకసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. లక్షణం ఉన్న కుటుంబంలో మేనరికాలు జరిగితే ముప్పు మరింత పెరుగుతుంది. మనవాళ్ళు పనికి వెళ్ళే సౌదీ అరేబియాలో అక్కడి పౌరులకు 2004 నుంచి నికాహ్‌కు ముందే ఈ పరీక్ష తప్పనిసరి. ఫలితం చూశాక పెళ్ళి చేసుకోవాలా, వద్దా అన్నది మాత్రం ఆ జంట ఇష్టం.

పరీక్షలో తెలిసిన సంగతి ఎవరికి చెప్పాలి? మన డి.ఎన్.ఎ. వివరాలు ఎవరి చేతికివ్వాలి? ఇలాంటి ప్రశ్నలను శాస్త్రజ్ఞులు నేడు ఇంటర్నెట్ సర్వేల ద్వారా ప్రజలను అడుగుతున్నారు. 'యువర్ డి.ఎన్.ఎ., యువర్ సే' అనే సర్వేలో 22 దేశాలవారు, 36,268 మంది, 15 భాషల్లో జవాబులిచ్చారు. భారత్, పాకిస్తాన్, ఈజిప్టు కూడా వాటిలో ఉన్నాయి. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం చాలామందికి జన్యువుల గురించి అవగాహన లేదు. వైద్యుడికైతే వివరాలు ఇస్తామన్నవారు ఎక్కువ. లాభం కోసం పరిశోధించేవారికి ఇస్తామన్నవారు అందరికంటే తక్కువ. ఆ నమ్మకాన్నే మనం అమానత్ అంటాం.

ఇది మనకు దూరపు విషయం కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా పథకం 2020లో మొదలై, 10,000 మంది జన్యుపటాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.

అయితే ఇంటర్నెట్ సర్వేకు జవాబిచ్చేదెవరు? ఫోన్ చేతిలో ఉన్నవారు, ఆ భాష చదవగలిగినవారు. ఇంట్లో ఫోన్ అబ్బాయి జేబులో ఉంటుంది. కాన్పు భారం మోసే కోడలి మాట ఆ లెక్కలోకి రాదు. పసుపు ఉడికించే కూలీ తల్లి మాటా రాదు. రేపు ఆ లెక్కలు చూసే విధానాలు రూపొందిస్తే, మనం లేకుండానే మన గురించి నిర్ణయం జరిగిపోతుంది.

మరొక సంగతి. ఎక్కువమంది ఔనన్నది ధర్మమైపోదు. గర్భస్థ శిశువుకు నయం కాని తీవ్రమైన లోపం ఉంటే ఏం చేయాలన్న ప్రశ్నపై 1990లో మక్కాలోని ఫిఖ్ మండలి ఒక తీర్పునిచ్చింది. నిపుణులైన వైద్యుల బృందం నిర్ధారించి, తల్లిదండ్రులు కోరితే, 120 రోజులలోపు గర్భస్రావానికి అనుమతి ఉందన్నది. అది టిక్కులు లెక్కపెట్టి చెప్పిన మాట కాదు. ఉలమా, వైద్యుల విజ్ఞానాన్ని కలిపి ఆలోచించి చెప్పిన మాట. సర్వే జనం ఏమనుకుంటున్నారో చెబుతుంది; ఏది సబబో తేల్చేది షూరాయే.

కనుక సర్వే వస్తే విసుక్కోవద్దు. అడుగుతున్నదెవరు, వివరాలు ఎవరికి చేరతాయి, తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చా అని అడిగి, ఇంటి ఆడవాళ్ళతో కూర్చుని జవాబివ్వాలి. అంతకంటే ముందు నికాహ్ మాటల్లో రక్తపరీక్ష మాట కూడా చేర్చాలి, అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ. లక్షణం ఉందని తేలిన ఆడపిల్లను వేలెత్తి చూపే ఊళ్ళో ఎవరూ పరీక్షకు ముందుకు రారు. ఆ వేలు దించడం మన పని.